కాదనలేని కానుకలు

ఎర్ర గీత మునిగిపోయింది.

అవతియు రేవులో, పొద్దున్న ఎనిమిది గంటలకు, మూడు ఊళ్ళ జనం చూస్తుండగా మునిగింది. రెండు పొడవాటి పడవలను పక్కపక్కన పెట్టి, మధ్యలో దూలాలు వేసి, తాళ్ళతో బిగించి కట్టిన జంట పడవ మానుకురా. రెండింటికీ బయటివైపు తూరియా తన చేత్తోనే ఎర్ర రంగు గీత గీసింది. ఆ గీత నీళ్ళ పైన కనిపిస్తేనే ప్రయాణం, కనిపించకపోతే లేదు. అది కెప్టెన్ నూరోవా పెట్టిన నియమం. ఇప్పుడా గీత రెండంగుళాల నీటి కింద ఉంది. గట్టు మీద నిలబడి దాన్ని చూస్తున్న తూరియాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ముంచింది ప్రయాణపు సరుకు కాదు. పదమూడు మందికి మూడు వారాలకు సరిపడా నీళ్ళు, బియ్యం, ఎండు చేపలు, చేమదుంపలు, విడి తాళ్ళు, అదనపు తెరచాప, ఇవన్నీ పోయిన నెలలోనే తూచి సర్దేశారు. అప్పుడు గీత నీళ్ళకు జానెడు పైన ఠీవిగా ఉంది. ముంచినవి కానుకలు.

రారోటోంగా నుంచి న్యూజిలాండ్‌కు పడవ పోతోందంటే చాలు, అక్కడ చుట్టం లేని కొంప ఈ ద్వీపంలో ఒక్కటి ఉండదు. పిన్నికి చాప, బావకు చెక్కిన గిన్నె, మనవడికి దుప్పటి, చర్చి వాళ్ళకు గవ్వల దండలు. వీటికి విమానం లేదా అంటే ఉంది, ఓడా ఉంది. కానీ విమానంలో వచ్చిన చాపకు ఏం గొప్ప? తాతలు పోయిన దారిలో, తెరచాప పడవ మీద వచ్చిన చాప అని నలుగురిలో చెప్పుకోవడంలో ఉంది అసలు రుచి. ఇక తెచ్చిన కానుకను కాదనడమంటే తెచ్చిన మనిషిని, ఆ మనిషి తాతను, ఆ తాత ఊరిని కలిపి కాదన్నట్టు. ఆ ధైర్యం ద్వీపంలో ఎవరికీ లేదు.

నూరోవాకు అసలే లేదు. కెప్టెన్ కాకముందు ఆయన ముప్పై ఏళ్ళు ద్వీపం చుట్టూ బస్సు తిప్పాడు. చెయ్యెత్తిన మనిషినల్లా ఎక్కించుకునేవాడు. మెట్ల మీద వేలాడుతున్నా సరే, ఇంకొకరు పరిగెత్తుకొస్తుంటే ఆపి, లోపలికి జరగండమ్మా జరగండి అనేవాడు. ముప్పై ఏళ్ళలో బస్సు నుంచి ఒక్కరిని దింపిన పాపాన పోలేదు. నక్షత్రాలను చూసి దారి చెప్పడంలో ఆయనకు సాటి లేడు గానీ, వద్దు అనే మాట మాత్రం ఆయన గొంతులోంచి రాదు.

ఒక్కసారి వీడ్కోలైతే ఎలాగో సర్దుకునేవారేమో. ఇది మూడోసారి. రెండు వారాల కిందట గురువారం నాడు మొదటి వీడ్కోలు. ప్రార్థన అయింది, పాటలయ్యాయి, మెడలు విరిగేలా పూలదండలు పడ్డాయి, ఏడ్చేవాళ్ళు తృప్తిగా ఏడ్చారు. అంతా అయ్యాక గాలి తిరిగి, పోవలసిన పడమటి వైపు నుంచే వీచింది. ఎదురుగాలిలో ఎవరు పోతారు? అందరూ దిగారు. మళ్ళీ సోమవారం రెండో వీడ్కోలు. మళ్ళీ ప్రార్థన, మళ్ళీ పాటలు, మళ్ళీ పడమటి గాలి. వీడ్కోలుకు వట్టి చేతులతో రాకూడదు కాబట్టి వచ్చిన ప్రతిసారీ జనం కొత్త కానుకలతో వచ్చారు. పాతవి దింపుదామని ఎవరూ అనలేదు. ఇవాళ బుధవారం, గాలి ఆగ్నేయం నుంచి హాయిగా వీస్తోంది, ప్రయాణానికి ఇంతకంటే మంచి గాలి దొరకదు, పడవ మాత్రం నిండు గర్భిణిలా కదలనంటోంది.

తూరియాకు ముప్పై ఎనిమిదేళ్ళు. దంతవైద్యశాలలో పని. రెండేళ్ళ కిందట మానుకురాను ఒడ్డుకు లాగి బాగుచేస్తున్నారని, సాయానికి మనుషులు కావాలని విని సరదాకు వెళ్ళింది. జీతం లేదు, బత్తెం లేదు, మధ్యాహ్నం ఒక బన్నూ టీ. ఆ శనివారం మొదలు ఒక్క శనివారమూ మానలేదు. పడవ అడుగు గీకింది, గరుకు కాగితంతో రుద్దింది, రంగు వేసింది. దూలాలను కట్టే కట్లు నేర్చుకుంది. మానుకురాలో ఒక్క మేకు లేదు, ఉన్నదంతా తాడే. తాడు చుట్టాలి, చెక్క సుత్తితో కొట్టి బిగించాలి, మళ్ళీ చుట్టాలి. ముందువైపు పద్నాలుగు కట్లు ఆమెవే. అరచేతులు కాయలు కాసి, పళ్ళ డాక్టరు దగ్గర చిన్న పనిముట్లు పట్టుకుంటే జారిపోయేవి.

అయినా జట్టులో చోటు దొరకలేదు. ఐతుతాకీ ద్వీపం దాకా వెళ్ళిన మొదటి మూడు ప్రయాణాల్లో పేగులు బయటికొచ్చేలా కక్కుకుంది. నాలుగోసారి కక్కలేదు. ఐదోసారి, అందరూ కక్కుతుంటే తాను చుక్కాని తెడ్డు పట్టుకుని నిలబడింది. అప్పుడు కూడా నూరోవా చూద్దాంలే అనే అన్నాడు. ఆ మాట ఆమె ఏడాది పాటు వింది. చివరికి ఆరు వారాల కిందట రగ్బీ ఆటలో జట్టులోని తామతోవా మోకాలు విరగ్గొట్టుకుంటే, ఆ చోటు ఈమెకు వచ్చింది. పాపం అనుకుంటూనే ఆ రాత్రి దేవుడికి దండం పెట్టుకుంది. పదమూడో మనిషి. పడవ పొట్టలో ఒక మనిషి ఒత్తిగిలితే సరిపోయేంత పడక, బట్టలకు మూతున్న ఒక బకెట్టు. ఆ బకెట్టు మీద తన పేరు రాసుకున్న రోజు ఆమె ఆనందం పట్టలేకపోయింది.

ఎనిమిదిన్నరకు నూరోవా జట్టునంతా రేవు పక్కనున్న షెడ్డులోకి పిలిచాడు. టోపీ తీసి చేతిలో నలుపుతూ, గీత మునిగిందని, డెబ్బై కిలోలైనా తగ్గాలని, కానుకలు దింపడం కుదరదు కాబట్టి మనిషి దిగాలని చెప్పాడు. అందరూ నేల చూశారు. తూరియా కూడా నేలే చూసింది. పాపం ఎవరి పేరు చెబుతాడో అనుకుంది.

"తూరియా, నువ్వు దిగమ్మా," అన్నాడు నూరోవా.

కాసేపు ఆమెకు ఆ మాట అర్థమే కాలేదు. మిగతావాళ్ళు చప్పుడు చేయకుండా ఒకరి వెనక ఒకరు బయటికి జారుకున్నాక, ఆయనకు అడ్డంగా నిలబడింది. నూరోవా ఆమె తల్లికి పెదతండ్రి కొడుకు. పడవ మీద కెప్టెన్ గానీ నేల మీద మామయ్యే.

"నేనే ఎందుకు మామయ్యా?"

"తామతోవా చోట్లో వచ్చావు కదా. చివర వచ్చినదానివి."

"చివర వచ్చానా? ముందువైపు కట్లు ఎవరు కట్టారు?"

"నువ్వే."

"నిన్న కాక మొన్న వచ్చింది కిమియోరా. ఏడు నెలలు కాలేదు. అది ఉంటుంది, నేను దిగాలా?"

నూరోవా టోపీని ఇంకా నలిపాడు. అబద్ధం చెప్పడం కూడా ఆయనకు చేతకాదు. "ఆ పిల్లని దింపితే మతవేరా ఊరు మొత్తం నా మీద పడుతుందే. సొంత మేనకోడల్ని ఉంచుకుని మా పిల్లని తోసేశాడంటారు. ఇంకెవర్ని దింపినా అంతే. నువ్వైతే మన పిల్లవి. మనవాళ్ళని కాకపోతే ఎవర్ని కాదనగలం చెప్పు?"

"అంటే చాపల్ని కాదనలేవు, నన్ను కాదనగలవు."

"చాపలు పరాయివాళ్ళవి కదమ్మా," అన్నాడు ఆయన, ఎంతో న్యాయంగా.

ఆ న్యాయానికే ఆమెకు ఒళ్ళు మండిపోయింది. తిట్టినా బాగుండేది, నువ్వు పనికిరావన్నా బాగుండేది, పోట్లాడటానికి ఏదో ఒకటి దొరికేది. రెండేళ్ళు ఈ మనుషుల్లో ఒకతెను కావాలని తపించింది. తీరా అయ్యాక దక్కిన హక్కు ఇది, అందరికంటే ముందు తోసేయించుకునే హక్కు. బయటికొచ్చి తన బకెట్టు గట్టు మీద ఉండటం చూసింది. ఎవరో అప్పుడే దించిపెట్టేశారు.

ఇక ఏ ఊరి కానుకలు ఎక్కువున్నాయో చూడటానికి ఆమెకు లెక్కలు అక్కర్లేదు. వాటిని మోసి, సర్ది, వల కప్పి కట్టింది తానే. మతవేరా చాపలు ఎన్ని ఉన్నా తేలిక. అరోరంగి వాళ్ళవి గిన్నెలు, దండలు. తమ ఊరు తితికవెకాది ఒక రేకు పెట్టె, పదకొండు అట్టపెట్టెలు. ఆ పన్నెండూ తెచ్చింది వేరెవరో కాదు, కన్నతల్లి తెపాయెరు. మూడు వీడ్కోళ్ళకు మూడుసార్లు పికప్పు బండి నింపుకుని వచ్చింది.

తెపాయెరుకు అరవై మూడేళ్ళు. ఊరి చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. ఆమె పాట ఎత్తితే పాస్టరు కూడా ఆగాల్సిందే. ఇంట్లో ఇద్దరు మనవరాళ్ళు, ఒక విధవ చెల్లెలు, ఆరు పందులు, అందరూ ఆమె చెప్పుచేతల్లోనే. ఇప్పుడామె గట్టు మీద ఓడ సరుకు కంటైనరు నీడలో, పాట జట్టు ఆడవాళ్ళ మధ్య చాప పరుచుకుని తెల్లటి తియారే పూలు గుచ్చుతోంది. తూరియా వచ్చి ఎదురుగా నిలబడినా సూది ఆగలేదు.

"అమ్మా, నన్ను దింపేశారు."

"విన్నాను."

"నీ పెట్టెలు దింపితే నాకు చోటొస్తుంది."

"పెట్టెలు ఎలా దింపుతారే? ప్రార్థన చేసి ఎక్కించినవి."

"నేనూ ప్రార్థన చేసి ఎక్కించినదాన్నే. మూడుసార్లు."

తెపాయెరు దారం కొరికి ముడి వేసింది. ఆ రేకు పెట్టెలో ఉన్నది మామూలు దుప్పటి కాదు. పన్నెండు మంది ఆడవాళ్ళు మూడేళ్ళు కూర్చుని పువ్వులు కత్తిరించి కుట్టిన దుప్పటి. ఆక్లండ్‌లో ఓతారా అనే పేటలో ఉండే తన చెల్లెలు మకీరోవా మనవడికి వచ్చే నెల జుట్టు తీసే వేడుక. పిల్లాడిని కూర్చోబెట్టే కుర్చీ మీద పరవాలి అది. ఈ సంగతులన్నీ తూరియాకు చిన్నపిల్లకు చెప్పినట్టు మళ్ళీ మొదటి నుంచీ చెప్పి, చివర్లో అంది:

"నువ్వు విమానంలో వెళ్ళు. నాలుగు గంటల్లో హాయిగా కూర్చుని దిగిపోతావు. ఆ దుప్పటి మటుకు విమానంలో పోకూడదు."

పక్కనున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. ఒకామె, విమానంలో అన్నం కూడా పెడతారే అని ఊరించింది. తూరియా వాళ్ళ వంక చూడలేదు. ఇంకో మాట మాట్లాడితే పెద్దవాళ్ళ ముందు నోరు జారుతానని భయం వేసి, వెనక్కి తిరిగి పడవ వైపు నడిచింది.

ఎవరినీ అడగలేదు. గట్టుకూ పడవకూ మధ్య వేసిన పలక మీదుగా పడవెక్కి, వల విప్పి, రేకు పెట్టెను ఎత్తి భుజాన పెట్టుకుంది. నూరోవా తెరచాప కొయ్య దగ్గర నిలబడి దాని తాడును అవసరం లేకపోయినా పరీక్షగా చూస్తున్నాడు. చూడనట్టు ఉండటమంటే ఒప్పుకోవడమో, కాదో, ఆయనకే తెలియాలి. కిమియోరా మాత్రం ఒక అట్టపెట్టె అందుకోబోయి, మతవేరా వాళ్ళు చూస్తున్నారని గుర్తొచ్చి చేయి వెనక్కి తీసుకుంది.

తూరియా పెట్టెతో గట్టు మీదికి రాగానే ఆడవాళ్ళు అప్పుడే ఎత్తుకున్న పాట ఆగిపోయింది.  ఎక్కించిన కానుకను దింపడం ఈ రేవులో ఎవరూ చూడలేదు. అందులోనూ కూతురు తల్లి కానుకను దింపడం. ఒక ముసలాయన టోపీ తీసి గుండెల మీద పెట్టుకున్నాడు. చెవులు కాలిపోతున్నా తూరియా ఆగలేదు. రేకు పెట్టె దించింది, మళ్ళీ వెళ్ళింది, అట్టపెట్టె తెచ్చింది, మళ్ళీ వెళ్ళింది. చూడండి, కళ్ళారా చూడండి అనుకుంది. రెండేళ్ళు తాడు కడుతుంటే చూడ్డానికి ఒక్కరూ రాలేదు, ఇప్పుడు ద్వీపమంతా వచ్చి నిలబడింది.

దుప్పటి పెట్టె కంటే అట్టపెట్టెలు బరువున్నాయి. ఎక్కించేటప్పుడు ఉత్సాహంలో తెలియలేదు. నాలుగో పెట్టె పలక మీద ఉండగా అడుగు ఊడిపోయింది. లోపలి నుంచి కార్న్డ్ బీఫ్ అనే ఉప్పు మాంసం డబ్బాలు దడదడా రాలి గట్టంతా దొర్లాయి. ఒకటి ఆమె కాలికి తగిలి ఆగింది. వంగి తీసి, అలవాటుగా వెనక్కి తిప్పింది. న్యూజిలాండ్‌లో తయారైనది అని రాసి ఉంది.

ఇంకో పెట్టె చింపింది. అవే డబ్బాలు. ఇంకోటి, బట్టల సబ్బులు. ఇంకోటి, పంచదార. ఆక్లండ్‌లో తయారై, ఓడెక్కి ఇంత దూరం వచ్చి, దుకాణంలో అమ్ముడుపోయిన డబ్బాలు మళ్ళీ పడవెక్కి ఆక్లండ్ పోతున్నాయి. మకీరోవా పిన్ని ఇంటి వీధి చివర వీటిని గుట్టలుగా పోసి అమ్ముతారు. పిచ్చిపట్టినవాళ్ళు తప్ప ఎవరూ ఇది కానుకగా పంపరు, తన తల్లికి పిచ్చి లేదు.

ఒక్కసారిగా గుర్తొచ్చింది. నెల రోజులుగా అన్నం దగ్గర కూర్చుంటే చాలు, గీత ఎంత పైన ఉందే అని తల్లి అడిగేది. ఇంకా నాలుగు వేళ్ళుందమ్మా, ఇంకా మూడు వేళ్ళుందమ్మా అని తాను మురిసిపోతూ చెప్పేది. అమ్మకు కూడా పడవంటే ఇష్టం పుట్టిందనుకుంది. మూడు వేళ్ళని చెప్పిన మర్నాడే పికప్పు బండి వచ్చింది.

డబ్బా పట్టుకుని తల్లి దగ్గరికి వెళ్ళి, చాప మీద ఆమె ముందు పెట్టింది. ఈసారి ఆడవాళ్ళు నవ్వలేదు. ఒక్కొక్కరే లేచి, పని ఉన్నట్టు అవతలికి వెళ్ళారు.

"పిన్నికి అక్కడ ఇది దొరకదా అమ్మా?"

తెపాయెరు డబ్బాను చూసింది. తర్వాత పూలను చూసింది. చేతిలోని సూదిని చాపకు గుచ్చింది.

"తితికవెకా పిల్ల పడవెక్కుతోందని పాస్టరు చర్చిలో లేచి చెప్పాడు," అంది మెల్లగా. "ఊరంతా చప్పట్లు కొట్టింది. ముందు కొట్టింది నేనే. నా కూతుర్ని పంపనని ఏ నోటితో చెప్పనే? అనలేకపోయాను. అందుకని పెట్టెలు తెచ్చాను."

"రెండేళ్ళమ్మా."

"నాకు తెలీదా? శనివారం శనివారం నీ బట్టలకంటిన రంగు వదలగొట్టింది నేను కాదూ? ఇవాళ కాకపోతే రేపు విసుగొచ్చి మానేస్తుందిలే అనుకుంటూ ఉతికాను. నువ్వు మానలేదు. మూడు వారాలు, చుట్టూ నీళ్ళు. ఏమైపోయావో కూడా నాకు తెలీదు. నాకు భయం, తూరియా. చెప్పుకోడానికి సిగ్గేసింది."

తూరియా పోట్లాడటానికి వచ్చింది, పోట్లాటకు కావలసినదంతా చేతిలో ఉంది, అయినా కోపం ఎవరి మీద విసరాలో తెలియలేదు. మామయ్య మంచివాడు, అమ్మకు భయం, ఊళ్ళకు ప్రేమ. ఇంతమంది మంచివాళ్ళు కలిసి తనను నిలువునా ముంచారు. తిరిగి వెళ్ళి మిగతా పెట్టెలన్నీ కూడా దించేసింది, ఇక సిగ్గు లేదు, తొందరా లేదు.

పన్నెండోది దించేసరికి గీత నీళ్ళలోంచి బయటపడింది. రెండు వేళ్ళు పైన, తడిగా మెరుస్తోంది. తూరియా నూరోవా దగ్గరికి వెళ్ళి గీతను చేత్తో చూపించింది.  ఆయన వంగి చూశాడు, లేచి ముఖం తుడుచుకున్నాడు, తర్వాత ఆమె భుజం మీదుగా గట్టు వైపు చూసి నీరసపడిపోయాడు.

అరోరంగి వాళ్ళ లారీ వెనక్కి జరుగుతూ గట్టు చివరికి వస్తోంది. నిండా కొబ్బరిబొండాలు. దారిలో దాహానికి జట్టు తాగాలని తెల్లవారుజామున చెట్లెక్కి కోసినవట. పడవలో చోటు ఖాళీ అయిందని కేకలేసుకుంటూ నలుగురు మగవాళ్ళు లారీ తలుపు దించుతున్నారు.

"నేనేం చెప్పనమ్మా?" అన్నాడు నూరోవా. "ఎండన పడి అంత దూరం నుంచి తెచ్చారు."

ఆ మాటకు తూరియా గట్టు మీదికి వచ్చి రేకు పెట్టె మీద కూలబడింది. ఏడుపు కూడా రాలేదు. ఉన్న పరువు తీసుకుంది, తల్లిని నలుగురిలో నిలబెట్టింది, దుప్పటి దింపింది. అంతా చేసి బొండాలకు చోటు చేసింది. తన అరవై ఎనిమిది కిలోల కంటే రెండు వందల బొండాలు తేలికా? కాదు. కానీ బొండాలు పరాయివాళ్ళవి. చేతులు చూసుకుంది. ఈ కాయలు ఎప్పటికి మెత్తబడతాయో, సోమవారం నుంచి మళ్ళీ జనం నోళ్ళలో లైటు వేసి పట్టుకోవాలి.

చాప మీద నుంచి తెపాయెరు లేచింది. ముందు లారీని చూసింది, తర్వాత తన పెట్టెలు ఖాళీ చేసిన చోటును, తర్వాత పెట్టె మీద కూర్చున్న కూతుర్ని చూసింది. వాడిపోయిన ముఖంతో కూర్చున్న కూతురు ఆమెను కదిలించిందో, తన పెట్టెల చోట్లో అరోరంగి బొండాలు కూర్చోబోతున్నాయన్న కడుపుమంటో చెప్పడం కష్టం. బహుశా రెండూ. పడవ ఎదురుగా వచ్చి, పాట ఎత్తుకునే ముందు నిలబడినట్టు కాళ్ళు దూరంగా పెట్టి నిలబడి, గొంతెత్తింది. ఆ గొంతుకు లారీ దగ్గర మగవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగారు.

"తితికవెకా తరఫున చెబుతున్నా, వినండి. మతవేరా చాపలిచ్చింది. వాళ్ళ చేతుల్లో నేర్పుంది. అరోరంగి బొండాలు తెచ్చింది. వాళ్ళది పెద్ద చెయ్యి. మా ఊరు పెట్టెలు తెచ్చింది, మళ్ళీ దింపేసింది. ఎందుకు దింపిందని మీరు గుసగుసలాడుకుంటున్నారు. మా కానుక అది కాదు గనక దింపేశాం. మా ఊరి కానుక అదిగో, ఆ పెట్టె మీద కూర్చుంది. నా కూతురు తూరియా. ఓతారాలో ఉన్న నా చెల్లెలు మకీరోవాకు పంపుతున్నాను. నూరోవా, పుచ్చుకో."

 నూరోవా మళ్ళీ టోపీ తీశాడు. మేనకోడలైతే కాదనగలడు, జట్టు మనిషైతే కాదనగలడు. ఒక ఊరు నలుగురి ముందు పేరు పెట్టి ఇచ్చిన కానుకను కాదనడం ఆయన వల్ల అయ్యే పని కాదు. ముందుకొచ్చి, తల వంచి, రెండు చేతులూ చాపాడు. జనం ఒక్కసారిగా అరిచారు. కూతుర్నే ఇచ్చిన ఊరి ముందు ఇప్పుడు బొండాలు ఎక్కిస్తే చిన్నతనంగా ఉంటుందని అరోరంగి వాళ్ళకు తోచినట్టుంది. కత్తులు తీసి లారీ మీదే బొండాలు కొట్టి గట్టు మీద జనానికి పంచడం మొదలుపెట్టారు.

తూరియా ముఖం ఎర్రబడిపోయింది. రెండేళ్ళు గీకిన పడవ, కట్టిన కట్లు, కక్కుకున్న కడుపు ఇవ్వలేని చోటు, చాపల వరసలో చేరగానే దొరికింది. తల్లి పూలదండతో దగ్గరికి రాగానే పంటి బిగువున అంది:

"నేను కట్టిన పడవలోకి నన్ను సామానులా ఎక్కిస్తావా?"

"మనిషిలా ఎక్కించుకోలేదు కదే వాళ్ళు. నోరు మూసుకుని ఎక్కు."

తెపాయెరు దండ వేసి, దాని కింద చిక్కుకున్న జుట్టు పైకి తీసింది. బకెట్టు తానే తెచ్చి చేతికిచ్చింది. జట్టు అప్పటికే ఎక్కేసింది. పాస్టరు నాలుగోసారి ప్రార్థన చేయాలా వద్దా అని అడుగుతుంటే, వద్దు బాబూ, గాలి పోతుంది అని ఎవరో బతిమాలుతున్నారు. నూరోవా పలక చివర నిలబడి తూరియాను పిలిచాడు. ఆమె కదలబోయింది, కదలలేకపోయింది. మణికట్టు దగ్గర తల్లి చెయ్యి ఉంది.

"వదులమ్మా," అంది.

"వదిలాను కదా," అంది తెపాయెరు.

వదల్లేదు. అంతమంది ముందు అంత గొంతుతో ఇచ్చేసిన మనిషి, ఎటో చూస్తూ, ఆ చెయ్యి తనది కానట్టు నిలబడింది. నూరోవా రెండోసారి పిలిచాడు. తూరియా బకెట్టు కింద పెట్టి, తల్లి వేళ్ళను ఒక్కొక్కటిగా తానే విప్పుకోవలసి వచ్చింది.